కోడలిరాళ్ళు

రాళ్ళ బొమ్మలు గీయడం కూడా ఒక ఉద్యోగమేనంటే మా అమ్మ చివరిదాకా నమ్మలేదు. "ఫొటో తీస్తే పోలా?" అనేది. పోదు. ఫొటోలో దగ్గరి రాయి గుమ్మడికాయంత, దూరపు రాయి నిమ్మకాయంత కనిపిస్తాయి. నీడ పడిన చోట అసలేమీ కనిపించదు. తవ్వకంలో బయటపడిన గోడ ఉన్నది ఉన్నట్టు కాగితం మీదకి రావాలంటే గోడకు అడ్డంగా దారం లాగి కట్టి, దాని నుంచి ఒక్కో రాయినీ టేపుతో కొలుచుకుంటూ గ్రాఫు కాగితం మీద పెన్సిలుతో దింపుకోవాలి. మెడ పట్టేస్తుంది, వేళ్ళు కొంకర్లు పోతాయి. తొంభైల చివరి సంవత్సరాల్లో నా బతుకు అదే. మంచు కురిసే నెలల నుంచి ఎండలు ముదిరేదాకా కొండ మీద, మిగతా ఏడాదంతా విజయనగరంలో అన్నయ్య ఇంట్లో.

పెళ్ళయిన రెండేళ్ళకే అత్తవారింటి నుంచి తిరిగి వచ్చేశాను. కొట్టారనీ కాదు, తరిమారనీ కాదు. ఆ ఇంట్లో నేను ఉన్నా లేకపోయినా వాళ్ళకి ఒకటేనని తెలిసిపోయింది, అంతే. ఒక సూట్‌కేసుతో వెళ్ళాను, అదే సూట్‌కేసుతో వచ్చాను. నేను అక్కడ రెండేళ్ళు బతికానని చెప్పడానికి ఆ ఇంటి గోడకి నేను కొట్టిన మేకు కూడా ఒకటి లేదు. వదిన మంచిదే గానీ, ఇంటికి వచ్చినవాళ్ళకి నన్ను చూపించి "మా ఆడపడుచండీ, ఒంటికాయ శొంఠికొమ్ము" అని నవ్వేది. ఆ నవ్వు వినకుండా ఉండడానికైనా నాకు ఎక్కడో ఒక కొండ కావాల్సి వచ్చింది.

ఆ కొండ అరకు దాటి ఒరిస్సా వైపు వెళ్ళే దారిలో ఉంది. షేర్ జీపు దిగాక కాలిబాటన ఎక్కితే ఒక చిన్న ఊరు, ఊరి పైన కొండవాలంతా రాతిగోడలు. నడుమెత్తున ఉంటాయి. మట్టీ సున్నం ఏమీ లేకుండా రాయి మీద రాయి పేర్చినవి. ఒక్కో గోడ ఒక్కో పొలం చెక్కని చుట్టుకొని, ఒక్క చోట మాత్రం మనిషి పట్టేంత తెరిచి ఉంటుంది. ఊళ్ళో వాళ్ళు వాటిని దడులంటారు, తెరిచిన చోటుని దడివాకిలి అంటారు. లోపల చోళ్ళని పిలిచే రాగులు, సామలు, కందులు పండించుకుంటారు. పశువులూ అడవిపందులూ చొరబడకుండా ఆ గోడ కాపు. ఎవరు కట్టారంటే "తాతలు" అంటారు. ఏ తాతలంటే నవ్వుతారు.

ఆ దడులు మధ్యయుగాల నాటివని తవ్వకం నడిపే మా ప్రొఫెసర్ సార్ నమ్మకం. "రాజుల చరిత్రా గుళ్ళ చరిత్రా అందరూ రాస్తారు, చోళ్ళు పండించుకున్నవాళ్ళ చరిత్ర ఎవరు రాస్తారు?" అనేవారు. ఆ మాటకే నేను ఆయన దగ్గర చేరాను. మంచి మనిషి. కాకపోతే నేల కింద ఉన్నవాళ్ళ మీద ఆయనకున్న ప్రేమ నేల మీద ఉన్నవాళ్ళ దాకా రావడానికి కొంచెం టైము పట్టేది.

పిల్లలు రావడం మానేసిన ఒక బడి మా క్యాంపు. ఒకటే గది. సార్, ఆయన విద్యార్థులు బయట గుడారాల్లో ఉండేవారు. ఆడదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి ఆ గది నాకిచ్చారు. నాతోపాటు తవ్వకంలో దొరికిన కుండపెంకుల సంచులు కూడా అందులోనే. పొద్దున లేచేసరికి దుప్పటి మీద చెమ్మ, సంచుల మీద చెమ్మ. కిటికీ తీస్తే మంచు తప్ప ఏమీ ఉండేది కాదు. పదింటికి గానీ ఎదురుగా చెట్టుందని తెలిసేది కాదు.

సంతరోజున కుర్రాళ్ళందరూ అరకు దిగి ఎస్టీడీ బూతు నుంచి ఇళ్ళకి ఫోన్లు చేసుకొచ్చేవారు. "మేడం, మీరు రారా?" అని మొదట్లో అడిగేవారు. నేను ఫోన్ చేస్తే వదిన ఎత్తుతుంది. "ఏం, ఒంట్లో బాలేదా?" అంటుంది. బాగానే ఉందని చెప్పాక మా ఇద్దరికీ మాటలుండవు. అందుకని వెళ్ళేదాన్ని కాదు. వాళ్ళు దిగిపోయిన మధ్యాహ్నాలు క్యాంపంతా నాదే. లోయలో ఎక్కడో కిరండోల్ లైను మీద ఖనిజం మోసే గూడ్సు వెళ్తున్న చప్పుడు చాలాసేపు వినిపించేది. అది వినిపిస్తున్నంతసేపూ బాగానే ఉండేది, ఆగిపోయాక దిగులేసేది. ఎవరి కోసమని అడిగితే చెప్పలేను. దిగులు పడడానికి కూడా ఒక మనిషి లేకపోవడం ఎంత చేదో అక్కడ తెలిసింది.

ఆ ఏడాది సార్ ఒక దడివాకిలి పక్కన గోడని కొంత మేర విప్పి చూడాలన్నారు. పనసకాయని నిలువునా కోసి చూసినట్టన్నమాట. పునాది కింద బొగ్గో పెంకో దొరికితే గోడ వయసు తెలుస్తుంది. ఆ పొలం ఎవరిదని అడిగితే, మా దగ్గర కూలికి వచ్చే ఒకాయన "మా అన్నది బాబూ. అన్న పోయినాడు. మాదే, తవ్వుకోండి" అన్నాడు. అన్న పోయినా వదిన ఉందనీ, మలేరియా ముదిరి కింద ఆసుపత్రిలో పడి ఉందనీ అతను చెప్పలేదు. మేమూ అడగలేదు.

విప్పేముందు పై వరసలు గీయాలా అని సార్‌ని అడిగాను. ఆయన గోడ వెంట ఒకసారి నడిచి చూశారు.

"పై మూడు వరసలూ మొన్నమొన్నటి పేర్పమ్మా. ఏటా రాళ్ళు జారిపోతాయి, ఏటా ఎత్తి పెట్టుకుంటారు. అవి గీస్తూ కూచుంటే వానలొచ్చేస్తాయి. తీయించెయ్. కింద పాత పేర్పు తగిలాక మొదలుపెడుదువుగాని" అన్నారు.

మా పనిలో ఇది కొత్తేం కాదు. పాతదాని కోసం తవ్వేవాడికి కొత్తదంతా అడ్డమే. కూలీలు పై వరసల రాళ్ళని తీసి, మట్టి పారబోసే దిబ్బ మీదకి విసిరేశారు. "మాదే, తవ్వుకోండి" అన్నాయన కూడా వాళ్ళలో ఉన్నాడు, అందరికంటే హుషారుగా విసిరాడు. ఒక పొద్దులో పని అయిపోయింది.

పాత పేర్పు తగిలాక నేను దారం కట్టుకుని కూచున్నాను. అక్కడి కొండరాయి గరుగ్గా, ఎర్రగా, పలకలు పలకలుగా ఉంటుంది. వాకిలి పక్కన మాత్రం ఆ పలకల మధ్య అక్కడక్కడా నున్నటి గుండ్రాళ్ళు కనిపించాయి. ఏటి ఒడ్డున దొరికే రాళ్ళు. ఒకటి నల్లగా, ఒకటి పాలలా తెల్లగా, ఒకటి ఒళ్ళంతా చుక్కలతో. ఒకదానికొకటి పోలిక లేదు కాబట్టి ఒక ఏటివి కావు. ఆ కొండ మీద ఏరే లేదు. ఎవరో ఎక్కడెక్కడి నుంచో మోసుకొచ్చి పెట్టారు. సార్ వాటిని తడిమి చూసి, "ఏవో నూరుడు రాళ్ళయి ఉంటాయి. అరిగిపోతే గోడలో పెట్టేసి ఉంటారు" అన్నారు. సరేనని గీశాను. కానీ వాటి దగ్గరకొచ్చేసరికి నా చెయ్యి నెమ్మదించేది. పెళ్ళింట్లో తెలిసినవాళ్ళెవరూ లేక గోడవారగా నించున్న మనుషుల్లా ఉండేవి అవి. అలా నించున్న అలవాటు నాకుంది కాబట్టి అనిపించిందేమో.

చైత్రం దగ్గరపడింది. పునాది కింద బొగ్గు దొరికింది. సార్ పొంగిపోయి, దాన్ని పొట్లం కట్టుకుని విద్యార్థులతో సహా కిందకి దిగిపోయారు. మిగిలిన గీత పని పూర్తిచేసి, గొయ్యి పూడ్పించి, గోడ మళ్ళీ పేర్పించి రమ్మని నాకు చెప్పారు. నాకూ అదే కావాలి. కిందకి వెళ్ళి చేసేదేముంది కనుక.

వాళ్ళు వెళ్ళిన మర్నాడు మంచు ఇంకా విడవక ముందే పనిలో కూచున్నాను. ఎవరో దగ్గుతున్నట్టు వినిపించి తలెత్తితే, గోడ విప్పిన చోట ఒక ముసలావిడ నించుని ఉంది. ఎముకలగూడు. చేతికి ఆసుపత్రి మాత్రల ప్లాస్టిక్ సంచీ వేలాడుతోంది. నడిచి ఎక్కినట్టుంది, ఊపిరి అందడం లేదు.

"ఇదేటిది?" అంది.

"తవ్వకం, మామ్మా. పనైపోయింది, గోడ మళ్ళీ కట్టించేస్తాం."

"నాను లేనప్పుడు నా దడి ఇప్పినారు. ఎవుల్నడిగి ఇప్పినారు?"

చెప్పాను. తవ్వుకోమన్నది తన మరిదేనని వినగానే ఆవిడ గోడ విప్పిన చోటుకి ఇంకో అడుగు వేసింది. కాసేపు గోతిలోకి చూసింది.

"పైనున్న రాళ్ళేవి?"

దిబ్బ చూపించాను. మట్టీ రాళ్ళూ కలిసి మనిషెత్తు గుట్ట. దాన్ని చూసి ఆవిడ నేల మీద కూలబడింది. "ఓలమ్మో, నా రాయి" అని నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఏడుపు లేదు, కళ్ళు మాత్రం దిబ్బ మీదే ఉన్నాయి. నాకు కంగారు పుట్టి, ఫ్లాస్కులో ఉన్న టీ పోసి ఇచ్చాను. ఆ టీ చల్లారేలోగా, దమ్ము తీసుకుంటూ ఆవిడ చెప్పుకొచ్చింది ఇది.

ఆ ఊళ్ళో కొత్తకోడలు వచ్చేటప్పుడు తన పుట్టినూరి ఏట్లోంచి ఒక రాయి తీసి ఒళ్ళో కట్టుకుని తెచ్చుకోవాలి. తొలి విత్తనాలకి ముందు, దడివాకిలి పక్కన గోడలో, అత్తగారు చూపించిన చోట ఆ రాయి పెట్టాలి. అది గోడలో ఉన్నంతకాలం ఆ మనిషిని ఆ పొలం నుంచి ఎవరూ లేవగొట్టరాదు. మొగుడు పోయినా, పిల్లలు లేకపోయినా, కట్టెలో కాలేదాకా ఆ దడి ఆవిడదే. రాయి గోడలో లేకుండా చైత్రం విత్తనాల పండగ వచ్చిందంటే మాత్రం దడి మళ్ళీ మగవాళ్ళ ఇంటికి పోతుంది. పక్క ఊళ్ళో ఈ ఆచారం లేదు, తరవాత నేను కనుక్కున్నాను. ఈ ఊరిదే.

ఈవిడకి పిల్లల్లేరు. మొగుడు పోయి చాలాకాలమైంది. మరిదికి ముగ్గురు కొడుకులు. అతను దుర్మార్గుడని నేననలేను. ముగ్గురికి పంచడానికి ఉన్నది ఒక చెక్క, అదీ రాళ్ళవాలు. పక్కనే ఉన్న ఈ మంచి దడి వదిన పోయాక గానీ రాదు, వదినేమో ఏళ్ళ తరబడి గట్టిగానే ఉంది. ఇప్పుడు మలేరియా వచ్చింది, మేమొచ్చాం. రెండూ అతను పిలిస్తే వచ్చినవి కావు. గోడ విప్పమన్నప్పుడు అతని మనసులో ఏముందో నాకిప్పటికీ తెలియదు.

పండగ నాలుగైదు రోజుల్లో ఉంది. నేను నా తెలివంతా చూపించాను. "పోనీ మీ పుట్టినూరి ఏట్లోంచి ఇంకో రాయి తెచ్చుకుంటే కుదరదా మామ్మా? నేను తోడొస్తాను. జీపులో పోయి వచ్చేద్దాం."

"నా ఊరు నీళ్ళలో ఉన్నాది" అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు.

"నానిటొచ్చేసినాక డ్యామ్ కట్టినారు. ఊరు ములిగిపోనాది, ఏరు ములిగిపోనాది. మావోళ్ళు ఎటెటో ఎల్లిపోనారు. ఎక్కడ నుంచి తెత్తావు రాయి?"

కొండలకి అవతల, సరిహద్దు మీద ఉన్న ఆ రిజర్వాయరు నేను చూశాను. విద్యార్థులు ఒకసారి పిక్నిక్కని తీసుకెళ్ళారు. గట్టున కూచుని పులిహోర తిన్నాం. నీళ్ళు ఎంత నీలంగా ఉన్నాయో అని అందరూ మురిసిపోయారు, నేను కూడా.

"సరే, వెతుకుదాం. మీ రాయి ఎలా ఉంటుంది? నలుపా, తెలుపా?"

"నాకేటి తెలుసు?"

నేను విసుక్కున్నాను. "మీ రాయి మీకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది మామ్మా?"

"ఎట్టినాక సూడకూడదు, ముట్టకూడదు. సూత్తే పుట్టింటి మీదకి మనసు పోతాది, కాపరం నిలవదు అనీది మా అత్త. నాను సిన్న గుంటపిల్లగా ఉన్నప్పుడొచ్చినాను. ఇన్నాళ్ళూ దడిలోకి ఎల్లినా, ఒచ్చినా అటేపు మొకం తిప్పలేదు. నున్నగా ఉన్నాది, బరువుగా ఉన్నాది. అదే తెలుసు నాకు."

అప్పుడు నేను గోతిలోకి చూశాను. పాత పేర్పులో ఆ గుండ్రాళ్ళు ఉన్నచోటే ఉన్నాయి. నలుపు, తెలుపు, చుక్కలది. నూరుడు రాళ్ళు కావవి. ఎవరో ఒక పిల్ల, ఏ ఏట్లోనో దిగి, నచ్చిన రాయి ఏరుకుని, ఒళ్ళో కట్టుకుని, తెలియని ఊరికి కొండెక్కి వచ్చి, అత్తగారు చూపించిన చోట పెట్టి, మళ్ళీ ఎప్పుడూ దాని వంక చూడకుండా బతికి పోయింది. ఆ తరవాత ఇంకో పిల్ల. వందల ఏళ్ళుగా. నేను వారాల తరబడి గీసింది వాళ్ళనన్నమాట. ఈ సంగతి వెంటనే ఎవరికైనా చెప్పాలనిపించింది, చెప్పడానికి పక్కన ఎవరూ లేరు.

ఆ మధ్యాహ్నమే అరకు దిగి సార్‌కి ఫోన్ చేశాను. పై వరసలది ఫొటో ఏమైనా ఉందా అనడిగాను. "ఉందమ్మా, కానీ పొద్దున మంచులో తీసింది. గోడ ఉందని తెలుస్తుంది, అంతే" అన్నారు. కోడళ్ళ రాళ్ళ సంగతి చెప్పాను. ఆయన శ్రద్ధగానే విన్నారు. "బావుంది. కానీ ఒక్క ఊరి మాట పట్టుకుని అంత పాత గోడకి అర్థం చెప్పలేం కదా. నోట్ చేసి పెట్టు" అన్నారు. తరవాత అచ్చయిన నివేదికలో ఆ గుండ్రాళ్ళు 'మరమ్మతులో వాడిన రాళ్ళు' అని ఉన్నాయి. ఆయన చెప్పిందాంట్లో తప్పేం లేదు, రుజువు లేదు నిజమే. అయినా ఆ రోజు బూతులో రిసీవర్ కాస్త గట్టిగానే పెట్టాను. బూతు అబ్బాయి "మెల్లగా మేడం" అన్నాడు.

మర్నాటి నుంచి ఇద్దరం దిబ్బ మీద పడ్డాం. ఊళ్ళో ఎవరూ సాయానికి రాలేదు. ఇద్దరిలో ఎవరి పక్షమూ పట్టడం ఇష్టం లేక పండగ పనులున్నాయన్నారు. నేను గునపంతో పెళ్ళగిస్తే ఆవిడ చేత్తో మట్టి తోసేది. మాత్రల వేళకి నేను గుర్తుచేసేదాన్ని. "ఇయ్యి మింగితే కడుపులో దేవినట్టుంటాది" అని తిట్టుకుంటూ మింగేది. మొదటిరోజు ఒక్క గుండ్రాయి కూడా దొరకలేదు. ఆవిడ సాయంత్రం మాత్రల సంచీ పట్టుకుని దిగి వెళ్ళిపోయింది. ఆ పొలం పోతే మరిది ఇంట్లో పొయ్యి దగ్గర కూచుని పెట్టింది తినాలి. అది ఎలా ఉంటుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

రెండోరోజు ఒకటి దొరికింది. నల్లటిది. నాకు ఆనందం పట్టలేక "మామ్మా!" అని కేకేశాను. ఆవిడ పరిగెత్తినంత పని చేసింది. కాసేపటికి ఇంకొకటి, బూడిదరంగుది, మధ్యలో తెల్ల చార. ఆ తరవాత ఇంకో రెండు. నాలుగూ వరసగా పెట్టాం. దిబ్బంతా తిరగేసినా ఇంక లేవు.

నాలుగు ఉన్నాయంటే లెక్క తెలుస్తూనే ఉంది. ఆవిడది ఒకటి. మిగతావి ఆవిడకి ముందు ఆ దడికి వచ్చిన కోడళ్ళవి. ఏటా రాలిపడి, ఏటా మగవాళ్ళు ఎత్తిపెట్టడంలో అన్నీ పై వరసల్లోకి చేరాయి.

ఆవిడ ఒక్కో రాయినీ చీర కుచ్చెళ్ళలో కట్టుకుని నాలుగడుగులు నడిచి చూసింది. ఆగి, కళ్ళు మూసుకుని, మళ్ళీ నడిచింది. ఇంకోటి కట్టుకుంది. జ్వరంతో చిక్కిపోయిన ఆ మనిషి ఒళ్ళో రాయితో ఎండలో అటూ ఇటూ నడుస్తుంటే చూడలేకపోయాను.

"తెలుస్తోందా?"

"అప్పుడు నాను సిన్నదాన్ని. ఏదైనా బరువే. ఇప్పుడు ముసిల్దాన్ని. ఇప్పుడూ ఏదైనా బరువే" అంది.

పండగ ముందురోజు పొద్దున పెద్దలు దడి దగ్గరికి వచ్చారు. ముహూర్తాలు చెప్పే దిసారి వచ్చాడు, మరిది వచ్చాడు, అతని వెనక ఊళ్ళో మగవాళ్ళు. ఆడవాళ్ళు కాస్త దూరంగా కూచున్నారు. నాలుగు రాళ్ళూ గోతి పక్కన ఉన్నాయి. మరిది గొడవ పడే మనిషిలా లేడు. మెత్తగానే అడిగాడు.

"నీదేదో సూపించు వదినా. సూపించి ఎట్టుకో. నానొద్దంటన్నానా?"

ఆవిడ నాలుగు రాళ్ళనీ మార్చి మార్చి చూసింది. దిసారి నా వైపు తిరిగాడు. "బొమ్మలమ్మా, నువ్వు ఇన్నాళ్ళూ ఈ గోడే గీసినావు. పైనేటున్నాదో నీ కాయితంలో సూసి సెప్పు."

నా కాగితంలో ఎప్పుడో పోయిన ఆడవాళ్ళ రాళ్ళన్నీ ఉన్నాయి, పగుళ్ళతో సహా. బతికున్న మనిషి రాయి లేదు. లేదని చెప్పాను. అంత సిగ్గుపడ్డ సందర్భం నాకింకోటి గుర్తులేదు. వచ్చినవాళ్ళలో ఎవరో "ఐతే తేలిపోనాది" అన్నారు.

అప్పుడు ఆవిడ గోతి అంచున చతికిలబడి, నాలుగు రాళ్ళనీ ఒక్కొక్కటిగా ఒళ్ళోకి లాక్కుంది. గొంతు పెద్దది చెయ్యలేదు. చేసే ఓపిక కూడా లేదు.

"నాదేదో నాకు తెల్దు. అబద్దం ఆడను. ఇందల ఒకటి నాది. ఒకటి మా అత్తది. ఒకటి ఆయమ్మ అత్తది. ఇంకోటి ఆ ముందు దానిది. ఆళ్ళు రారు. ఆళ్ళ రాయేదని ఎవులొచ్చి అడుగుతారు? ఈ దడికొచ్చిన ఆడోళ్ళల్లో నానొక్కదాన్నే మిగిలినాను. నాలుగూ ఎడతాను. నాది కానిది ఏదో నువ్వే సూపించి తీసీ మరిదీ."

మరిది ఒకడుగు ముందుకి వేశాడు.

"సూసి తీయి" అంది ఆవిడ. "ఇందల మీ యమ్మ రాయి ఉన్నాది. మొన్న నీ సేత్తోనే దిబ్బ మీదకి ఇసిరినావంట."

అతను ఆగిపోయాడు. ఆ సంగతి అతనికి అప్పటిదాకా తట్టనే లేదని మొహం చూస్తే తెలిసింది. వదిన రాయి ఒక్కటే కాదు, తన తల్లి ఏ ఊరి నుంచో ఒళ్ళో కట్టుకుని తెచ్చిన రాయి కూడా అతని చేతుల మీదుగానే పోయింది. ఆడవాళ్ళలో ఒక ముసలామె చిన్నగా నాలిక చప్పరించింది. అతను వంగాడు. రాయి తీసేస్తాడేమో అనుకున్నాను. అతను ఆ నల్లరాయిని ముట్టుకుని, చెయ్యి వెనక్కి తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. ఆ తరవాత ఎవరి మొహమూ చూడకుండా గోతిలోకి దిగి, "బేగి రాళ్ళందీండి. ఎండెక్కిపోతాది" అన్నాడు.

గోడ కట్టింది అతనే. పలకరాళ్ళు కింద నుంచి పేర్చుకుంటూ వచ్చాడు. గుండ్రాళ్ళ వంతు వచ్చినప్పుడు పక్కకి జరిగాడు. వాటిని ఆవిడే పెట్టింది, నాలుగూ పక్కపక్కన. దిసారి నాలుగు చోడిగింజలు చల్లి ఏదో అనుకున్నాడు. పెద్ద తీర్పేమీ చెప్పలేదు ఎవరూ. పని అయిపోయింది కాబట్టి అందరూ దిగి వెళ్ళిపోయారు, మరిది పారా తట్టా భుజాన వేసుకుని అందరికంటే వెనక వెళ్ళాడు.

నేను దారం చుట్టుకుంటూ ఉండిపోయాను. మధ్యాహ్నం జీపు పట్టుకుని వెళ్ళిపోవాలి, అటునుంచి అన్నయ్య ఇంటికి. ఆవిడ గోడ దగ్గరే నించుని ఉంది. దడి నిలిచినందుకు ఆ మొహంలో సంతోషం వెతికాను. లేదు.

"బొమ్మలమ్మా, నాలుగిట్లో నాదేదనుకుంటన్నావు?"

ఏదో ఒకటి చూపించి ఇదేనని చెప్పాలని నోటి చివరిదాకా వచ్చింది. అబద్ధం ఆడనన్న మనిషితో అబద్ధం ఆడలేకపోయాను. "తెలీదు మామ్మా" అన్నాను.

"నాకూ తెల్దు" అంది. అని, ఇన్నేళ్ళూ మొహం తిప్పని ఆ గోడకి ఎదురుగా నిలబడి, నాలుగు రాళ్ళ మీదా ఒకదాని తరవాత ఒకటి అరచెయ్యి ఆనించింది. ఒక్కోదాని మీదా చాలాసేపు ఉంచింది. తన ఊరిదంటూ ఈ భూమ్మీద మిగిలింది ఆ నాలుగిట్లో ఒకటి, అదేదో ఇంక ఎప్పటికీ తెలియదు. నాకు దుఃఖం ఆగలేదు. ఆవిడ నా ఏడుపు విని తిరిగి చూసింది.

"ఊరుకో. నానెరగపోతే ఏటి?" అంది. "ఒకటి నన్నెరగదేటి?"